అర చుట్టు

మూడో ఓనర్ని నేను. తొంభై ఎనిమిది మోడలు.
కిలోమీటర్ల అంకెలు రెండు లక్షల నలభై వేల కాడ
అలిగి నిలబడిపోయిన ఏడాది ఎవురికీ గుర్తులేదు.
తోతాపురి కాయ టన్నున్నర ఎక్కిస్తే
బంగారుపాళ్యెం దాకా పెళ్ళినడక.
మొగిలి ఘాటు తగిలిందంటే
మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి,
ఎనకాల లారీలు హారన్ మీది చెయ్యి తియ్యవు.
బెంగుళూరు బస్సు పక్కకొచ్చి
ఒక చూపు చూసి పోతుంది.
రాత్రి అన్నం కలుపుతుంటే
కంచంలో ఆ చూపే.

కొత్తది కొనుక్కోరాదా, అన్నాడు ఫైనాన్సు గురవరాజు.
వడ్డీ చెప్పినాడు.
నేను పద్నాలుగో నంబరు స్పానరు కొనుక్కుంటి.

మురకంబట్టులో మా చిన్నాయన రేకుల కొట్టం,
సగం ఆవులకు, సగం నాకు.
పంపు మీద సీసం సీలు కోసి
లాక్‌నట్టు వదులు చేసి
డీజిలు స్క్రూ తిప్పితి, అర చుట్టు.
అంతే. అర చుట్టుకు బండి
పొగరుబోతు కోడె అయిపోయింది.
ఘాటులో రెండో గేరుకే ఎగబాకతా ఉంటే
ఈలేస్తా అద్దంలో ఎనక్కి చూస్తి.
రోడ్డు లేదు.
నల్లగా, నేను చేసిన అమావాస్య ఒకటి
మలుపులో ఉడకబెట్టిన శెనక్కాయలమ్మే మునెమ్మ గంప మీద,
గంప మీది తెల్లగుడ్డ మీద
మెల్లగా కూచుంటా ఉండాది.

"ఎవురి పీనుగును కాలస్తా పోతా ఉండావురా!"

ఆ మాట పలమనేరు దాకా
నా పక్క సీట్లోనే కూచోనొచ్చింది.

గ్రీమ్స్‌పేట ఖాదర్ వలీకి రెండు కండ్లలోనూ శుక్లాలు.
స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద, పిడి చెవికి,
అట్లా వింటాడు, కడుపులో బిడ్డను విన్నట్టు.
విని, నవ్వి, అన్నాడు:
"తిండి ఎక్కువ పెట్టినావు. ఊపిరి పెట్టలేదు.
దీనికి ఆకలి కాదబ్బయా, ఆయాసం."

అప్పుడు మొదలు, ఏడు ఆదివారాలు.
వాల్వుల సందు సరిచేసేదానికి
పలచని రేకు దూర్చి లాగితే
వెన్నలో కత్తి మాదిరి రావాలంట.
మాకు వెన్న తెలుసు, సందు తెలిసే తలికి రెండు వారాలు.
మసిపట్టి గొంతు మూసుకున్న సైలెన్సరు తీసి
వెడల్పు గొట్టం వెల్డింగు పెట్టిస్తి.
తిరుపతిలో రేణిగుంట రోడ్డు తుక్కంగట్లో
చచ్చిపోయిన వ్యాను రొమ్ములోంచి ఒక టర్బో,
ఇరుసు వేళ్ళతో ఊపి చూసి
బేరమాడి, టవల్లో చుట్టి
బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకుంటి.
పక్కనామె పాపకు జరిగి చోటిచ్చినట్టే ఇచ్చింది.

నాలుగో ఆదివారం బోల్టొకటి లోపల పడిపోతే
అయస్కాంతం దారానికి కట్టి
పొద్దు గుంకేదాకా గాలమేస్తి.
అయిదో ఆదివారం రాగి వాషరు కారి
ఎర్రావు వీపంతా ఆయిలు.
చిన్నాయన మాట్లాడలేదు,
ఆవును కడిగి, సబ్బు డబ్బులడిగినాడు.

గాలి కుదిరినాక ఖాదర్ వలీ
నా చేత్తోనే నా స్క్రూ ఎనక్కి తిప్పించినాడు,
పావు చుట్టు.
"ఎక్కువ ఊదనీయొద్దు. హెడ్డు గాస్కెట్టు పోతే
నా కాడికి రాబాకు."
సన్నగా విజిలొకటి లేచింది.
ఎర్రావు నెమరాపి చెవులు నిక్కబొడిచింది.

టన్నుంపావే ఎక్కించినా, మిగిలింది రెండో ట్రిప్పుకు.
మొగిలి కొండకు మూడో గేరు.
లారీని దాటలేదు, దాటొచ్చు అని తెలిసింది,
అది చాలు అనుకుంటా
మలుపులో పక్కకు తీసి నిలిపితి.

మునెమ్మ లేచొచ్చింది.
నా మొగం చూడలేదు, బండి ఎనక్కి పోయింది.
"తొక్కు" అన్నింది.
తొక్కితి.
తన కొంగు గొట్టం ముందర పట్టి
ఎండకు ఎత్తి చూసుకున్నింది.
"ఇంకా రవ్వంత ఉండాది."

పదిరూపాయలకు శెనక్కాయలు కొంటి.
ఒక్క కాయ కొసరెయ్యలేదు.
సీటు కింద చెయ్యిపెట్టి
పద్నాలుగో నంబరు తడుముకుంటా ఉండా.