లేకపోతే

జుబైల్ క్యాంపు ఆఫీసు. ఏసీ కింద బకెట్టు, చుక్కా చుక్కా.
నాలుగు వందల పన్నెండు మంది
నా పాత కంప్యూటర్లో వరుసకొకరు.
పేరు, బ్యాడ్జి నంబరు, గది, అకామా గడువు.

నాకంటే ముందున్న మలయాళీ రాసిపోయిన సూత్రం ఒకటే:
గడువు ఇప్పటికన్నా చిన్నదైతే ఎరుపు,
లేకపోతే పచ్చ.

చిన్నది అంటే ముందుది.
దీనికి తేదీ ఒట్టి అంకె,
నలభై అయిదు వేల చిల్లర.
నిన్న ఎప్పుడూ ఇవాళకన్నా ఒకటి తక్కువే,
నిన్న ఏం జరిగినా సరే.

పోశెట్టి గడువు ఇరవై రెండో తారీకు.
ఇరవై రెండున తెల్లారగట్ల నాలుగున్నరకు
బస్సు మెట్టు మీదే ఆపేశాడు ఫోర్‌మన్.
"ఇయ్యాల్టి దినం నాదే గద సారూ" అన్నాడు నాతో.
వాడిదే.
సూత్రంలో 'ఇప్పుడు' అని ఉంది.
గడువేమో అర్ధరాత్రి సున్నా గంటల దగ్గర నిలబడిపోయింది,
ఇప్పుడు దానికన్నా నాలుగున్నర గంటలు పెద్దది.
'ఇప్పుడు' కొట్టేసి 'ఈ రోజు' అని పెట్టాను.
మాట మారింది. పోశెట్టి కూలి తిరిగి రాలేదు.

ఎరుపును అందరూ ఆపి అడుగుతారు.
పచ్చని ఎవరడుగుతారు?

రాజలింగు మూడేళ్లుగా పచ్చ.
కమ్మీలు వంచే పని. పన్నెండో గది, పై మంచం.
మొన్న గేటు దగ్గర తనిఖీలో వేలు పెట్టిస్తే
అకామా అసలు కొట్టనే లేదని తేలింది.
నా పట్టికలో అతని గడువు గడి ఖాళీ.
సున్నా కాదు, ఖాళీ.
ఖాళీని దేని పక్కన నిలబెట్టినా
చిన్నది కాదు, పెద్దది కాదు, సమానమూ కాదు.
అవును అనిపించుకోలేనిదంతా
'లేకపోతే'లోకి జారిపోతుంది.
మా 'లేకపోతే' పచ్చ.

సిస్టమ్ తప్పు, అన్నాడు ముదీర్.
ఆ మూడేళ్లలో పద్నాలుగు నెలలు
సిస్టమ్ ముందు కూర్చున్నది నేను.

రాత్రి, అన్నిటికన్నా ముందు ఇంకో ప్రశ్న చేర్చాను:
తేదీ అంటూ ఉందా?
లేదంటే ఏమనాలి?
క్యాంపులో అలాంటివాళ్లను ఖల్లివెల్లి అంటారు.
టైపు చేసి, చెరిపేశాను.
కొటేషన్ గుర్తుల మధ్య వేరే ఏదీ తోచక
'పన్నెండో గది, పై మంచం' అని రాసి
ఎంటర్ నొక్కాను.

పదకొండు వరుసల్లో ఒకేసారి వెలిగింది,
పన్నెండో గది, పై మంచం.