నాలుగు మార్కుల ప్రశ్న

గుంటూరు. స్పాట్ వాల్యుయేషన్, మూడో రోజు.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావట్లేదు.
చుట్టుగుంట దిక్కునుంచి మిరప ఘాటు వస్తోంది.
ముప్పై ఒకటో పేపరు.
పేరుండదు, ఊరుండదు, కోడు నంబరే.
పిల్లో పిల్లాడో, ఎడమచేతి వాటం,
సిరా ప్రతి లైనులోనూ కుడివైపుకి అలికి ఉంది.

ప్రశ్న: అలెగ్జాండర్ బియాస్ నది వద్ద ఎందుకు వెనుదిరిగెను?
జవాబు మేమంతా కంఠతా పట్టిందే.
సైన్యం అలిసింది, వానలూ జబ్బులూ,
ఏనుగులంటే భయం, ఇంటి మీద బెంగ.
కారణానికో మార్కు.

ఈ పేపర్లో ఇలా ఉంది:
"అతడు వెనుదిరగలేదు. దక్షిణానికి తిరిగెను."

ఎర్ర పెన్ను ఎత్తాను. దించలేకపోయాను.

"తూర్పుకు పోదామనగా సైన్యం ఒప్పుకొనలేదు.
అప్పుడొక ముత్యాల వర్తకుడు
కింద ఒక ఏరుంది, దాని పేరే నలుపు అనెను.
రెండేళ్ళు నడిచిరి. అడవులు. జ్వరాలు.
ఇప్పుడు బ్యారేజీ ఉన్నచోట ఏరు దాటబోగా
పడవలవాళ్ళు రేవుకూలి ముందే అడిగిరి.
లోకాన్ని గెలిచినవాణ్ణి, నాకు కూలేంటనెను.
లోకం సంగతి మాకు తెలీదయ్యా,
మనిషికింత, గుర్రానికింత అనిరి."

నవ్వు ఆగలేదు.
పక్క బల్ల ఖాజావలి మాస్టారు
కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"ఆ రాత్రి రాజు గట్టున కూర్చొని
నీళ్ళలో తన ముఖం చూసుకొనెను.
ఏరు దాన్ని కాసేపు కూడా ఉంచక
హంసలదీవి దిక్కుకు తీసుకుపోయెను.

తెల్లారి గుంటూరు చేరిరి.
మిరప కల్లాలలో గుర్రాలు తుమ్మెను.
గుర్రాల మీద సైనికులు తుమ్మిరి.
అందరూ తుమ్ముతుంటే యుద్ధం ఎట్లు జరుగును?
కావున ఇక్కడే ఉండిపోయిరి.
మా వీధి చివర సోడాబండి అతనివి పిల్లికళ్ళు.
వాళ్ళ వాళ్ళేనని మా నాయనమ్మ చెప్పెను."

దొరికావులే అనుకున్నాను.
మార్జిన్లో రాశాను: మిరప అప్పటికి లేదు.
దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ తరవాత
ఓడల్లో వచ్చింది,
మిరియాలు వెతుక్కుంటూ బయల్దేరి
దిక్కు తప్పి
ఇంకెవరి నేలమీదో దిగినవాళ్ళ వల్ల

అక్కడ పెన్ను ఆగింది.

మా నాన్న యార్డులో కాటా గుమస్తా.
ఇంటికొచ్చి చొక్కా విప్పితే
మాకందరికీ దగ్గొచ్చేది.
నా బియీడీ ఫీజు ఆ కాటా మీద తూగిందే.
ఎవడో దారి తప్పకపోతే
నా చేతిలో ఈ ఎర్ర సిరా ఎక్కడిది?

ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను,
ఆయన తొక్కిన ఊళ్ళన్నీ మ్యాపు మీద గుర్తించమని.
ఆయన రాని ఊళ్ళ గురించి
ఏ పేపర్లోనూ ఒక్క ప్రశ్న రాలేదు.
ఆ ఏడు కూడా ఇక్కడ వరి కోశారు,
ఎవరో పడవకు తారు పూశారు,
ఎవరో రేవుకూలి దగ్గర తగువు పడ్డారు.

"ఏంటి మేడమ్, ముప్పై ఒకటి దగ్గరే ఆగారు?"
చీఫ్ యేసుపాదం గారు. "కీ చూసి వేసేయండి."

కీ చూశాను.
'సైన్యం ఒప్పుకొనలేదు.' ఉంది. ఒకటి.
'జ్వరాలు.' జబ్బుల కిందికి వస్తుంది. ఇంకొకటి.
రెండు వేసి చుట్టూ సున్నా చుట్టాను.
మార్జిన్లో రాసింది కొట్టేద్దామనుకున్నాను,
కొట్టేస్తే మళ్ళీ సంతకం పెట్టాలి.
ఉంచేశాను.

సాయంత్రం గేటు బయట గోళీసోడా.
ఎందుకో బండతని కళ్ళలోకి చూశాను.
పిల్లికళ్ళు కాదు. నలుపు, ఏటి నలుపు.
గోళీ మీద బొటనవేలు ఆనించి
నొక్కకుండా నిలబడ్డాడు.

"ముందు డబ్బులివ్వండమ్మా."