ఏడో నంబరు రేకు

స్కోరుబోర్డు వెనక నిచ్చెన మీద
ఇరవై ఆరేళ్ళుగా నిలబడుతున్నాను.
అంకెలు మార్చడం నా పని.
ఆట నాకు కనపడదు, బోర్డు అడ్డం.
గోలు పడితే కాళ్ళకింద ఇనుము వణుకుతుంది.
వణుకు ఆగకపోతే మనది.
చప్పున ఆగిపోతే వాళ్ళది.

ఎడమపక్క ఇంటివాళ్ళు అని,
కుడిపక్క వచ్చినవాళ్ళు అని రాసుంటుంది.
రాసింది నికనోర్, చక్కెర మిల్లులో
బస్తాల మీద ముద్రలేసేవాడు.
అందుకే ఆ అక్షరాలకి కాస్త ఒళ్ళెక్కువ.

మంగళవారం పేపర్లో వచ్చింది,
చెరకు ధరకీ చావు కబుర్లకీ మధ్య.
జట్టుని అమ్మడం లేదట,
తీసుకుపోతారట.
సముద్రం ఒడ్డు ఊరికి.
హోటళ్ళున్నాయట, విమానాలు దిగుతాయట,
అక్కడ అంకెలు వాటంతటవే వెలుగుతాయట.
"ఇంకా ఏదీ ఖాయం కాలేదు" అన్నాడు యజమాని.
డాక్టరు గది బయటికొచ్చి
చేతులు తుడుచుకుంటూ అనే మాట అది.

ఆదివారం సాన్ హసింతో మొత్తం వచ్చింది.
పొన్సియానో డోలు తెచ్చాడు గాని కొట్టలేదు,
జ్వరమొచ్చిన పిల్లాడిలా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు.
ఎవులాలియా మొక్కజొన్న కంకికి కారం రాసి
ఒకటి బదులు రెండిచ్చింది నాకు.
పెసోలు చాపితే చెయ్యి నెట్టేసింది.
అప్పుడు వేసింది భయం.
పైసా వదిలే మనిషి కాదు ఆమె.

మెడలో కార్డు వేసుకున్న ఎవడో
టేపు పట్టుకుని బల్లలు కొలుస్తున్నాడు.
వాడి వెనకే తిరిగి తిరిగి
ఎనిమిదేళ్ళ నబోర్ నా నిచ్చెన కిందికొచ్చాడు.
"గ్రౌండుని కూడా చుట్టి తీసుకుపోతారా?"
లేదురా, గడ్డి ఇక్కడే ఉంటుంది.
"మరి పేరు?"
పేరు తీసుకుపోతారనుకుంటా.
"సముద్రం దగ్గర
చెరకు కోతగాళ్ళేం చేస్తారు?"
నేను మూడో నంబరు రేకుకి
మళ్ళీ నూనె రాశాను.

గోల్‌కీపర్ ఎలీసియో మా అక్క ఇంట్లో అద్దెకుంటాడు.
నాలుగు నెలల బాకీ.
పోనీ నేనడుగుతానంటే
అక్క కళ్ళెర్రజేసింది.
"తీర్చేస్తే ఇంక వెళ్ళిపోవచ్చు కదా వాడు!"

ఒక సంగతి చెప్పాలి.
సున్నా, ఒకటి, రెండు అరిగి తెల్లబడ్డాయి.
నాలుగు గాలివానకి వంగింది.
ఏడు మాత్రం కొన్ననాటి ఎరుపు.
ఒక్కసారి వాడాను దాన్ని, కుడిపక్కన.
ఏ ఊరిమీద ఓడామో గుర్తులేదు, వాన గుర్తుంది.
ఎవరూ లేచిపోలేదు.
అయిదో గోలుకి తిట్టారు,
ఆరోదానికి మాట పడిపోయింది.
ఏడోది పడగానే
ఎవరు మొదలుపెట్టారో, నవ్వు,
తడిసి ముద్దై ఒకళ్ళమీద ఒకళ్ళు పడి
ఊరు ఊరంతా నవ్వు.
ఇనుము వణికింది, ఆగలేదు.
మనదే అనుకుని నేను
ఎడమపక్కకి వెయ్యబోయాను.

పడుకుంటే ఇప్పుడు ఇదే లెక్క.
ఎన్నేళ్ళకో ఒకసారి వాళ్ళొస్తారు,
ఏ చందాల ఆటకో,
అవే ఆకుపచ్చ చొక్కాలతో.
బస్సు దిగి దారి అడగరు.
బట్టలు మార్చుకునే గది తలుపు
కింద ఎక్కడ తంతే తెరుచుకుంటుందో వాళ్ళకి తెలుసు.
గోలు కొడతారు.
నిచ్చెన వణుకుతుంది.
రేకు చంకలో పెట్టుకుని
నేనేపక్కకి జరగాలి?

ఆదివారం ఆట ఒకటి, ఒకటి.
రెండో ఒకటి ఆఖరి నిమిషంలో, మనదే.
అయినా వణుకు ఎందుకో పొట్టిగా ఆగింది.

పపలోపాన్ మీంచి మంచొస్తుంది,
తుప్పు పడుతుందని
రోజూ రేకులు దించి గుడ్డ చుడతాను.
ఈసారి దించలేదు.
సోమవారం తెల్లారి మిల్లు కూతకి
షిఫ్టుకి పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి
బోర్డు చూసి పోతున్నారు.
ఒకడు సైకిలు దిగకుండానే
కాలు నేలకానించి అరిచాడు:
"ఇంకా ఎంతసేపుంది?"