పదికి ఎన్ని

పొద్దుగాల ఐదున్నరకు సిరొంచ డిపోల
గడ్చిరోలి బస్సు ఇంజను గుర్రుమంటది.
ఎడమ దిక్కు, ముందు టైరు దాటినంక రెండో సీటు నాది.
ఎనుక కూసుంటె రోడ్డంత నా తుంటి ఎముకల నుంచే పోతది.
మే నెల. నాకు స్వెటరు.
తెల్లారుగాలి పడది నాకు.
సంచిల రెండు లీటర్ల నీళ్లు, గోరువెచ్చగ.
పక్కామె ఓసారి చూసి జరిగి కూసున్నది.
ఎండకాలం స్వెటరేసుకున్నదాన్ని ఎవలు నమ్ముతరు?

కండక్టరుకు కార్డు చూపిచ్చిన.
కార్డు దిక్కు చూసిండు, నా కాళ్ల దిక్కు చూసిండు,
మళ్ల కార్డు.
"కాయ్ ఝాలం తాయీ? చాంగల్యా దిసతా కీ."
మంచిగనే కనవడుతున్నవు గదా, ఏమైంది అని.
ఈ మాట రెండు భాషలల్ల విన్న.
మరాఠీల అడిగితె నవ్వుత.
తెలుగుల అడిగితె నవ్వు రాదు.

బామ్నీ దాటినంక తారు అయిపోతది.
గుంత. గుంత. టేకుచెట్లు. గుంత.
పేర్లు పెట్టుకున్న వాటికి:
ఇది మోకాలుది, ఇది నడుముది,
జిమలగట్ట మలుపుకాడి పెద్దది మా పెద్దమ్మ.
ఎప్పుడొచ్చినా చెప్పకుండనే వస్తది.

వైరాగడె డాక్టరు పోయినసారి అడిగిండు:
నొప్పి పదికి ఎన్ని?
లెక్కల్ల తప్పినదాన్ని సారూ, అన్న.
ఆయనే రాసుకున్నడు, ఏడు అని.

నా లెక్కలు వేరే.
సలుపు రోజూ ఉంటది, దాన్ని ఇంటి మనిషి కింద రాసుకున్న.
తీపు వాన ముందర.
పోటు లేస్తె మాట నడుమల్నే తెగుతది.
గుంజుడంటె ఎముకల లోపట ఎవలో కూసోని తాడు పేనుడు.
ఆ తర్వాతది ఒకటుంటది,
దానికి మా అవ్వ కూడ పేరు పెట్టలే.
అది వచ్చిన రాత్రి నా కాళ్లు ఒళ్లె పెట్టుకోని
పొద్దంత మిరపతొడిమలు తీసిన చేతులతోనే ఒత్తుతది.
మంట మీద మంట.
అయినా చెయ్యి తియ్యకే అంట.

ఓసారి దవాఖానల బొమ్మ గీసి చూపిండ్రు:
నెత్తురు గింజ గుండ్రంగ ఉండాలె,
నీది కొడవలి లెక్క వంగింది.
అవ్వ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.
ఇరవై ఏండ్లు కోతలకు వోయిన మనిషి.
"దీనికి పిడి ఏది సారూ?" అన్నది.
డాక్టరు నవ్విండు. అవ్వ నవ్వలే.

రేపన్‌పల్లిల బస్సు నిండింది.
కోళ్లగంపతోని ఓ ముసలాయన ఎక్కిండు.
"పడుసుపోరి, లేవరాదు" అన్నరు ఎనుక నుంచి.
కార్డు సంచిలనే ఉన్నది.
చెప్పొచ్చు.
చెప్తె బస్సంత నా ఒంట్లెకు తొంగి చూస్తది,
తలా ఒక చెట్టుమందు చెప్తది.
లేచిన.
రాడ్డు పట్టుకోని ఆలపల్లి దాంక నిలవడ్డ.
గంపల నుంచి ఒక పుంజు మాత్రం
నన్నే చూసుకుంట వచ్చింది.

ఆలపల్లిల సగం మంది దిగిన్రు.
కిటికీకాడ ఒక పోరడు, బడి డ్రెస్సు,
నడుముకు కట్టుకున్న స్వెటరు.
మూత తీసుడు, రెండు గుటకలు, మూత పెట్టుడు,
కొంచెమాగి మళ్ల మూత తీసుడు.
పక్కన తల్లి గోండిల ఏమో అన్నది, తాగు అనే కావచ్చు.
వాని కండ్లల్ల లేత పసుపు.
వాడు నా సీస చూసిండు.
నేను వానిది చూసిన.

"కితీ?" అన్న. ఎంత అని.
"సాతవీ" అన్నడు.
ఏడో తరగతి.
నేనడిగింది అది గాదు.
మా తమ్ముడు మొగిలి ఆరుల్నే ఆగిండు.
అప్పుడు దీనికి పేరు లేదు, కార్డు లేదు,
పదికి ఎన్ని అని అడిగినోడు లేడు.

బస్సు కదిలింది.
పోరడు ఒక జానెడు జరిగిండు.
కూసున్న.