మోత

ఏప్రిల్ తెల్లవారు. ఫ్రీస్‌లాండ్ తడి పచ్చికలో
గోనెపట్టా పరుచుకుని
డౌవె పిట్టలా ఈల వేస్తున్నాడు.
మెడలో వేలాడే ఆ రాగి ఈల తాతదట.
తాత రోజుల్లో దానికి దిగిన పిట్ట
సంతలో తూకానికి పోయేది.
ఇప్పుడు కాలికి ఉంగరం తొడిగించుకుని పోతుంది.
"అప్పుడు కూరకి, ఇప్పుడు కాగితానికి"
అంటాడు నన్ను ఓరగా చూసి.

ఆ కాగితం నాది.

తాడు లాగాడు. వల గాలిని కోసుకుంటూ వాలింది.
ఏడు విల్స్టర్లు. తీతువు దాయాదులు,
వీపున బంగారు రజను చల్లినట్టు.
ఒకటి నా గుప్పిట్లో. దాని గుండె కొట్టుకోవడం లేదు,
మోగుతోంది.
రెండువందల ఇరవై రెండు గ్రాములు.
రొమ్ము కండలోంచి బియ్యపు గింజంత తీసుకుని,
కుట్టు వేసి, క్షమాపణ చెప్పి వదిలాను.
డచ్చిలో కాదు, ఫ్రీసియన్‌లో.
పిట్టలకి ఆ భాషొక్కటే వచ్చని డౌవె నమ్మకం.

కొవ్వు మొండిది.
కణం లోపలి నీళ్ళలో కలవదు, ఒంటరిగా నడవదు.
దాన్ని మోయడానికో ప్రోటీను:
పది పోగుల అల్లిక, నడుమ గుల్ల,
పైన రెండు చుట్ల మూత.
చిన్న దొప్ప.
ఒక్క కొవ్వు ఆమ్లాన్ని కూర్చోబెట్టుకుని
మైటోకాండ్రియా పొయ్యి దాకా దించి
ఖాళీగా తిరిగొస్తుంది.
కిరాయి అడగదు.

ఖ్రోనింగెన్‌లో, రాత్రి పదకొండుకి, గీతలు తేలాయి.
చలికాలపు పిట్టది పెన్సిలు గీత.
ఏప్రిల్ పిట్టది కాటుక.
ప్రయాణం ఇంకా మొదలే కాలేదు,
టండ్రాలో మంచు కరిగిందని ఎవరూ కబురు పెట్టలేదు,
కండ మాత్రం అప్పుడే పడవలు కట్టేసుకుంది.
మూడేళ్ళ పని.
హిల్కె మిగిల్చిన కేకుముక్క
ప్లేటు లేకుండా, నిలబడే తిన్నాను.

పదిహేడో తారీకున
డౌవె తాడు లాగలేదు.
ఈల నోట్లోనే ఉంది, పలుకు తప్పింది.
తప్పు పలుక్కే పిట్టలు దిగాయి,
వల పక్కన తీరిగ్గా తిరుగుతున్నాయి.
"లాగు" అన్నాడు నాతో, ముఖం బూడిదై,
ఎడమచెయ్యి చంకలో దాచుకుని.
నేను ఫోను తీశాను.

లేవార్డెన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ
ఇంకేదో ప్రోటీను పేరు చెప్పింది, ఒక అంకె చెప్పింది.
తల ఊపాను.
నాకు తెలుసు, దానికంటే ముందే,
తొలి గంటల్లోనే,
గుండెకండ బీటవారిన చోటునించి
నా దొప్పలు, అవే, పది పోగులవి,
నెత్తుట్లోకి కొట్టుకొచ్చి ఉంటాయి.
కట్టు తెగిన పడవలు.
దించాల్సిన రేవు వెనకెక్కడో ఉండిపోయింది.

ఆ పేరు వెయ్యిసార్లు రాసి ఉంటాను.
పిట్టది అని రాశాను, ఎలుకది అని రాశాను.
పక్కన పట్టా మీద కూర్చున్నవాడిది అని
ఒక్కసారీ తోచలేదు.

"ఎన్ని?" అన్నాడు కళ్ళు తెరవగానే.
తాడు లాగలేదని చెప్పాను.
కాసేపు పైకప్పుని తిట్టాడు.
తరవాత, "లావుగా ఉన్నాయా?"
"ఉన్నాయి."
"అయితే సరే."

రాగి ఈల నా కోటు జేబులో ఉండిపోయింది.
కారులో ఊదిచూశాను.
ఏ పిట్టా దిగదు దానికి.