చిక్కుడు గింజల సంచి

చేయి వణుకుతోందని మొదట కనిపెట్టింది కేకు.
వింటన్ కౌంటీ బేకరీలో ముప్పై ఒక్క ఏళ్లు
క్రీము కోనుతో అయిదు వేల పేర్లో, ఆరు వేల పేర్లో రాశాను.
ఒక్క అక్షరం కిందికి జారలేదు.
ఆ రోజు 'ప్రిసిల్లా' చివరి తోక
నత్త పాకినట్టు పక్కకు పోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.
పిల్ల మాత్రం ముందు దాన్నే నాకేసింది.

విల్లు లాగి పట్టుకోవడం ఇక కుదరదన్నాడు డాక్టరు.
"క్రాస్‌బో అయితే తనే లాగి పట్టుకుంటుంది,
నువ్వు గురి చూస్తే చాలు" అన్నాడు మరిది వెండెల్.
గురి చూడ్డమే కదా కష్టం!
ఏడు పౌండ్ల బరువు, అంతా ముక్కు దగ్గరే.
చెట్టుకు కట్టిన ఇనుప మంచె మీద కూర్చుని ఎత్తితే
గాజు కంట్లో అడవంతా ఈగల్లా ముసురుతుంది.

మూడుకాళ్ల స్టాండు కొనమన్నాడు.
మంచె మీద నా రెండు కాళ్లకే చోటు లేదు.
కమ్మీ మీద ఆనించమన్నాడు.
విల్లు రెక్కలు విదిల్చుకునే చోటే కమ్మీ అడ్డం,
వదిలితే ఇనుముకు కొట్టుకుని పగులుతాయి.
అందుకని పిండి సంచి గుడ్డ కత్తిరించి
ఎండు చిక్కుడు గింజలు పోసి కుట్టాను.
పై కొమ్మ నుంచి దిగే తాడు ఉచ్చులో
దాన్ని పడుకోబెట్టాను, దాని మీద విల్లుని.

మిగతాది బేకరీ నేర్పిందే:
మోచేయి డొక్కకు, మణికట్టు మణికట్టుకు,
ఊపిరి సగం వదిలి
మిగతా సగం మరిచిపోవడం.

నవంబరు తొమ్మిది. చీకటుండగానే
నడుముకు పట్టీ బిగించి ఎక్కాను.
బాణం పెట్టని విల్లును తాడుతో చేదుకున్నాను.
మంచు పట్టిన ఆకుల్లో ఒక ఉడత
గుర్రమంత చప్పుడు చేసి వెళ్లింది.
ఏడుంపావుకి వచ్చింది కొమ్ముల పోతు,
ఎడమ వైపు సంచి కట్టుకుంటే
కుడి వైపు నుంచి.

మడమ కమ్మీకి తన్నిపెట్టి, మోకాలు లేపి,
మోకాలి మీదే ఆనించాను.
వేళ్లన్నీ తీగ దారికి కింద, బొటనవేలు ఇంకా కింద.
గాజులో గీత భుజం నుంచి పొట్ట మీదికి,
పొట్ట నుంచి మళ్లీ భుజం మీదికి.
చేతిని తిట్టుకున్నాను.
అప్పుడు తెలిసింది, చేయి ఒక్కటే కాదు,
చెట్టు కూడా ఊగుతోంది.
నా తొడంత వేళ్లున్న తెల్ల ఓక్,
పడమటి గాలికి మెల్లగా, పెద్దగా.
నాది చిన్నగా, గబగబా.
రెండూ ఎక్కడో ఒకచోట
పాత బాకీల్లా ఒకదానికొకటి చెల్లిపోతాయి.
అక్కడ,
ఒక్క అక్షరం రాసేంత సేపు,
గీత నిలబడింది.

వేలు ఎప్పుడు నొక్కిందో గుర్తు లేదు.
ధన్‌మంది తీగ. ముంగాలి వెనక మెత్తని చప్పుడు.
వెనక్కి తన్ని, గెంతి, పొదల్లోకి.

వెంటనే దిగకూడదు, అరగంట ఆగాలి.
ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకున్నాను,
సగం మూతలో, సగం ఒళ్లో.
"ఇక వణుకు, నీ ఇష్టం" అన్నాను చేతితో.

ఓక్ ఆకుల మీద ముందు చుక్కలు,
తర్వాత గీతలు, ఆ తర్వాత
చదవాల్సిన పని లేనంత ఎక్కువ.
వాగు గట్టున పడి ఉంది, కళ్లు తెరుచుకునే.
గ్లోవు తీసి మెడ మీద చేయి వేశాను.
ఇంకా వెచ్చగా ఉంది.
చాలాసేపు తీయలేదు.

వెండెల్‌కి ఫోను చేసి బండి తెమ్మన్నాను.
"సంచి పనికొచ్చిందా?"
"ఇంకా లేదు," అన్నాను,
"రాత్రికి నానబెడతాను."