సింగరాయకొండలో కొత్త రేకులు

కందుకూరికి రైలు లేదు.
అందుకే పొద్దున్నే మేమంతా
సింగరాయకొండ దాకా బళ్ళేసుకుని వచ్చి
బళ్ళొదిలి బండెక్కుతాం.

ఇన్నాళ్ళూ స్టేషన్ పక్క ఖాళీ నేలలో
మస్తానమ్మ స్టాండు.
చీటీ లేదు, మొహం చూస్తుంది.
సాయంత్రం పాసింజరుకి దిగేవాళ్ళ బళ్ళు ముందు,
రాత్రికొచ్చేవాళ్ళవి గోడవార.
"నెల్లూరా ఒంగోలా, అబ్బయా?"
అడిగేది అంతే.

ఎండాకాలంలో పనులు మొదలైనాయి.
జేసీబీ తుమ్మకంప పీకేసింది.
ఇంజనీరు సున్నంతో గీతలు కొట్టించాడు.
బైకులు నూట అరవై, కార్లు ఇరవై.
ప్లాను ఎగిరిపోకుండా
దానిమీద ఆమె టీగ్లాసు.
ఎవరెప్పుడు తిరిగొస్తారో
ఆ కాగితంలో లేదు.

ఇప్పుడు ఆమెకి నీలం చొక్కా ఇచ్చారు,
మీట నొక్కితే చీటీ.
నొక్కబోయే ముందు
ఇంకా మొహం చూస్తుంది.

మొన్న వాయుగుండం పట్టిన రోజు
తొలి చినుక్కే
యూరియా సంచులు చంకనేసుకుని
సీట్లు కప్పడానికి పరిగెత్తింది.
బళ్ళ నడుమ టక్కున ఆగి
పైకి చూసింది.

రేకుల మీద ఒకటే మోత.
కింద ఒక్క సీటూ తడవలేదు.

"బాగానే ఉండాయిలే" అంది,
పొడిగా ఉన్న నా సీటుని
కొంగుతో తుడుస్తూ.